నెమ్మది వీధి

వీరభద్రప్ప పొద్దున బొరుగుల ఉగ్గాని నిలబడే తింటాడు. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. ఎడమ చేతిలో పళ్లెం, కుడి కాలికి అప్పటికే చెప్పు, చూపు గోడ గడియారం మీద. మిరపకాయ బజ్జీ నోట్లో ఉండగానే ఎడమ కాలు రెండో చెప్పును వెతుక్కుంటూ ఉంటుంది.

“కూసోని తింటే ఏం పోతాది? ఉగ్గాని ఏమన్నా లేసి పరిగెత్తుతాదా?” అంటుంది భార్య మహాదేవి.

“ఉగ్గాని పరిగెత్తదు మే. గిరాకీ పరిగెత్తుతాది.”

చెయ్యి కడిగి, బండి తాళం అందుకుని ఆయన వాకిలి దాటుతుంటే, ఆమె గడప లోపలే నిలబడి ఒక మాట అంటుంది. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లయింది. ఆయన ఊళ్లో ఉన్న ఏ పొద్దున్నా ఆ మాట తప్పలేదు.

“నెమ్మదిగా పోయిరా.”

ఆయన జవాబూ తప్పలేదు. “నెమ్మదిగా పోతే ఎర్రబస్సు గూడా దొరకదు, నెమ్మదమ్మా.”

బండి గుర్రుమంటుంది. అర నిమిషంలో వీధి ఆ చివరనున్న అంగడి ముందు ఆగుతుంది. నందికల్లు పట్టణంలో పెద్దంగడి వీధి పొడవు అంతే. నడిస్తే అయిదు నిమిషాలు. మిగిలిన ఆ నాలుగున్నర నిమిషాలతో ఏం చేస్తావని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. మనలో చాలామంది దగ్గరా ఉండదు.

బయటి నుంచి చూసేవాళ్లకు ఈ సంసారంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆయన కష్టజీవి. ఒక్కగానొక్క కూతురు ఆదోనిలో చక్కగా కాపురం చేసుకుంటోంది. కూరగాయల బండి ఇంటి ముందుకే వస్తుంది. పాలు, పూలు, మందులు, చివరికి చీరల మూట కూడా వాకిట్లోకే వస్తుంది. “మా ఇంటామెకు గడప దాటే పని లేకుండా చేసినా” అని వీరభద్రప్ప నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు. విన్నవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మాటను తిరగేసి చూడాలని ఎవరికీ తోచలేదు. మహాదేవి ఆ గడప దాటి రెండేళ్లయింది.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం సాయంత్రం, పూలు కొనుక్కుని వస్తూ ఆమె వీధి మధ్యలో మురికి కాలవ అంచున పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏమైందంటే “కాలు జారింది” అంది. వీరభద్రప్ప ఆ రాత్రికి రాత్రే ఆదోనికి తీసుకుపోయి కట్టు వేయించాడు. రెండు నెలల్లో ఎముక అతుక్కుంది. కట్టు విప్పిన తర్వాత కూడా ఆమె బయటికి రాలేదు. గుడికి రమ్మంటే “కాళ్లు లాగుతాండాయి” అనేది. పెళ్లికి రమ్మంటే “ఎండ” అనేది. ఆయన నిజమేననుకున్నాడు. నిలబడి అడిగినవాడికి నిలబడినంత సేపట్లో సరిపోయే జవాబే దొరుకుతుంది.

వీధికి సరిగ్గా మధ్యలో జులేఖా బీ ఇల్లు. ఆమె భర్త బుడేన్ సాహెబ్ బోర్డులు రాసే కళాకారుడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెకు పని తగ్గింది. ఒకప్పుడు ఆ ఇంటి ముందున్న బేతంచెర్ల నాపరాయి బండ మీద మహాదేవి, జులేఖా బీ ప్రతి సాయంత్రం కూర్చుని బియ్యమో, చింతపండో బాగు చేసుకుంటూ ఊరి సంగతులన్నీ చక్కబెట్టేవాళ్లు. ఇప్పుడు జులేఖా బీకి మోకాళ్ల నొప్పులు. ఆ రద్దీలో వీధి దాటడం ఆమెకూ చేతకాదు. గట్టిగా పిలిస్తే వినపడే దూరంలో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లు రెండేళ్లుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారు.

వీరభద్రప్ప తండ్రి కాలంలో ఆ అంగడి సైకిళ్లు బాడుగకు ఇచ్చేది. ఇప్పుడది మోటారు సైకిళ్ల సామాన్ల అంగడి. సీటు కవర్లు, అద్దాలు, టైర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా హారన్లు. కుక్క మొరిగినట్టు ఒకటి, గుర్రం సకిలించినట్టు ఒకటి, పసిబిడ్డ ఏడ్చినట్టు ఇంకొకటి. కుర్రకారు ఆదోని నుంచి కూడా వచ్చి కొనేవాళ్లు. గోడకు వరసగా వేలాడే ఆ హారన్లను ఆయన ఒక్కొక్కటే మోగించి వినిపించేవాడు. వీధిలో పోయేవాళ్లు ఉలిక్కిపడితే, “చూసినావా పవరు” అని నవ్వేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన సరుకు పనిచేస్తోందని సంతోషం, అంతే.

ఆ కార్తీకమాసంలో ఊళ్లోకి ఒక కొత్తమాట వచ్చింది.

ఆరు నెలల కిందట మునిసిపల్ కమిషనరుగా వచ్చిన శివలీల ప్రొద్దుటూరు పక్క ఆడబిడ్డ. ఆఫీసుకు నడిచి వస్తుంది. ఆ ఒక్క సంగతితోనే ఊరు ఆమెను వింతగా చూసేది. ఆమె ఒక ఉత్తర్వు వేసింది. పెద్దంగడి వీధిలో రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మోటారు బండ్లు తిరగకూడదు. నలభై ఒక్క రోజులు, ఒక మండలం పాటు ఇది పరీక్ష. దానికి కాగితం మీద పెట్టిన పేరు ‘స్లో సిటీ’.

“స్లో సిటీ అంటే ఏందప్పా?” అన్నాడు టీకొట్టు ఈరప్ప, టీ వడగడుతూ.

“మనమంతా మందబుద్ధులమని సర్కారు రాసిచ్చినట్టు,” అన్నాడు సెల్‌ఫోన్ల అంగడి అవినాష్. “ఇటలీలో పుట్టిందంట. దానికి గుర్తు నత్తంట.”

“నత్తా? మన ఎండకు నత్త యాడ బతుకుతాదప్పా. గుల్లతో పాటు వేగిపోతాది.”

అప్పటికే వీధి మొదట్లో బుడేన్ సాహెబ్ నిచ్చెన ఎక్కి బోర్డు రాస్తున్నాడు. ‘స్లో’ అన్న మాట ఎవరికీ రుచించడం లేదని కమిషనరు దాన్ని తెలుగు చేసి పంపింది. ‘నెమ్మది వీధి’. గుండ్రటి అక్షరాలు చక్కగా కుదిరాయి గానీ, కింద వేసిన నత్త మాత్రం నూనెలోంచి తీసిన జిలేబీలా వచ్చింది.

“బుడేన్ భాయ్, జిలేబీకి కొమ్ములేమిటికి పెట్టినావు?” అని ఈరప్ప కింద నుంచి అరిచాడు.

“పెట్టకుంటే మిఠాయంగడి అనుకుంటారని పెట్టినాలే,” అన్నాడు బుడేన్ సాహెబ్, కుంచె తుడుచుకుంటూ.

వీరభద్రప్ప బండి ఆపి ఆ బోర్డు చదివాడు. “ఇంట్లో ఒక నెమ్మదమ్మ ఉండాది, చాలదా? ఇంగ వీధికి గూడా అదే పేరా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. వీధి వర్తకుల సంఘానికి ఆయనే కార్యదర్శి. బండ్లు రాని వీధిలో బండి సామాన్లు ఎవరు కొంటారు?

మరునాడు పది మందిని వెంటబెట్టుకుని కమిషనరు దగ్గరికి పోయాడు.

“మేడమ్, మండలం దీక్షకు మాల మనుషులకేస్తారు. వీధికి మాలెయ్యడం ఇప్పుడే చూస్తాండాం,” అన్నాడు.

వెనకున్నవాళ్లు నవ్వారు. శివలీల కూడా నవ్వి కుర్చీలు చూపించింది. “మాలేసుకున్నోళ్లు దీక్ష అయినాక మళ్లీ పాత దావే పట్టొచ్చన్నా. వద్దనేవాళ్లెవరు? ఆ నలభై ఒక్క దినాలు ఎట్లుండిందో మాత్రం వాళ్ల ఒంటికి తెలుస్తుంది. నేనడిగేదీ అంతే.”

“గిరాకీ పోతే?”

“సరుకు బండ్లు పొద్దున ఎప్పుడైనా రావచ్చు. అంబులెన్సుకు, నడవలేనోళ్ల ఆటోకు అడ్డం లేదు. మిగిలినోళ్లు ఆదోని రోడ్డు మీద బండి పెట్టుకుని అయిదు నిమిషాలు నడిచి రావాల. ఇటలీలో కొన్ని చిన్న ఊర్లు కలిసి ఒకమాట అనుకున్నాయంట. మా ఊరు మనిషి నడకకు తగినట్టు ఉండాల, మా కూడు మేము కూర్చుని తినాల, ఎదురుపడిన మనిషిని పలకరించే తీరిక ఉండాల అని. అది వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన విద్య కాదన్నా. మీ నాయన సైకిళ్లు బాడుగకిచ్చే కాలంలో ఈ వీధి అట్లే ఉండేదంట గదా.”

“ఆ కాలం వేరే మేడమ్. ఇప్పుడే రాసిస్తా, మాకొద్దని.”

“ఇప్పుడు రాస్తే అది కోపం. మండలం అయినాక రాయండి, అది మాట. నలభై ఒకటో దినం మీ సంఘం కాగితం తెండి. వద్దని ఉంటే ఆ బోర్డు నేనే దింపిస్తా. కావాలని ఉంటే కౌన్సిల్లో పెట్టి శాశ్వతం చేయిస్తా. కింద సంతకం మాత్రం మీదే ఉండాల.”

వీరభద్రప్ప ఆ సాయంత్రమే ‘ఈ ఏర్పాటు మాకు వద్దు’ అని కాగితం టైపు చేయించి నలభై అంగళ్ల వాళ్ల చేత సంతకాలు పెట్టించాడు. అడుగున కార్యదర్శి చోటు ఒక్కటే, నలభై ఒకటో రోజు కోసం, ఖాళీగా ఉంచాడు. దాన్ని మడిచి సొరుగులో పెట్టి, రోజులు గడవడం కోసం ఎదురుచూశాడు.

మొదటి రోజు సాయంత్రం నాలుగున్నరకు వీధిలో ఏదో తగ్గినట్టనిపించింది. ఏమిటా అని చెవి ఒగ్గి విన్నాడు. తన అంగడిలో ఫ్యాను కిర్రుమంటుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

మెల్లగా మనుషులు రావడం మొదలైంది. మునిసిపాలిటీ వాళ్లు ఇటుకల మీద బేతంచెర్ల బండలు పరిచి అక్కడక్కడ కూర్చునే చోట్లు చేశారు. ముసలివాళ్లు నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి పులిజూదానికి దిగారు. పులి గెలిస్తే ఒక కేక, మేకలు గెలిస్తే ఇంకా పెద్ద కేక. ఒక తల్లి నడుస్తూ నడుస్తూ పసివాడి చేతిని వదిలేసింది. వాడు తూలుతూ వీధి నడిమధ్యకు పోయి నిలబడి, ఇంత వెడల్పు తనదేనా అన్నట్టు చుట్టూ చూశాడు. మన ఊళ్లలో బిడ్డ చెయ్యి వదలగలిగిన వీధి కనిపించి ఎన్నాళ్లయిందో చదువరులే చెప్పాలి.

తొమ్మిదో రోజున వీరభద్రప్ప అంగడి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. వీధి ఆ చివర ఎవరో ఒకామె గోడ పట్టుకుని నడుస్తోంది. రెండడుగులు వేసి ఆగుతోంది. వెనక్కి తిరిగి చూస్తోంది. మళ్లీ రెండడుగులు. ఎవరో ముసలామె, పాపం, తోడు లేకుండా వచ్చినట్టుంది అనుకున్నాడు. ఆమె జులేఖా బీ ఇంటి ముందు బండ దాకా వచ్చి, దాన్ని పట్టుకుని, మెల్లగా కూర్చుంది. పమిట చెంగుతో ముఖం తుడుచుకునేందుకు తల ఎత్తింది.

మహాదేవి.

తన భార్యను తాను గుర్తుపట్టలేదు. ఆమెకు యాభై రెండేళ్లే. రెండేళ్లలో ఆమె నడక ఇంత మారిపోయిందని, రోజూ ఆమె వండింది తినేవాడికి తెలియలేదు.

ఆయన లేచి నిలబడ్డాడు గానీ పోలేదు. పోతే బెదిరిపోతుందేమో అనిపించింది. బండ మీద ఇద్దరు స్నేహితురాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఆ రాత్రి ఇంట్లో అన్నం ఆయన కూర్చుని తిన్నాడు. ఆమె అది చూసి, ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది.

అప్పటి నుంచి ఆయన స్టూలు వీధి వైపే. పదకొండో రోజు ఆమె బండ దాటి మందులంగడి దాకా వచ్చింది. పదిహేనో రోజు ఈరప్ప టీకొట్టు. ఇరవయ్యో రోజు అవినాష్ అంగడి దాకా వచ్చి, ముందుకు చూసి, ఆగిపోయి వెనక్కి తిరిగింది. ఏముంది అక్కడ అని వీరభద్రప్ప ఆమె నిలబడిన చోటికి పోయి నిలబడి చూశాడు. తన టైర్ల స్టాండే. కాలవ మీది బండను పూర్తిగా ఆక్రమించి, గోడ పట్టుకుని నడిచేవాళ్లకు చోటు లేకుండా, పదేళ్లుగా అక్కడే ఉంది. మరునాడు పొద్దున్నే దాన్ని లోపలికి లాగేశాడు.

“ఏమన్నా, అంగడి సర్దుతాండావు? పండగా?” అన్నాడు అవినాష్.

“దుమ్ము పడతాంది,” అన్నాడు.

ఇరవై ఏడో రోజు మహాదేవి వీధి దాదాపు చివరి దాకా వచ్చింది. గోడను వదిలిపెట్టి నడుస్తోంది. ఇంకో ముప్పై అడుగులు వేస్తే అంగడి. సరిగ్గా అప్పుడే, వీధి మొదట్లో బండ్లకు అడ్డంగా పెట్టిన కడ్డీని తప్పించుకుని ఒక కుర్రవాడు బండి మీద దూసుకొచ్చాడు. ఆమె వెనక కుక్క మొరిగింది.

కుక్క కాదు. వీరభద్రప్పకు ఆ మొరుగు తెలుసు. రెండు రోజుల కిందట తానే మోగించి, తానే బిగించి పంపిన హారను.

మహాదేవి కింద పడలేదు. అంతకన్నా ఘోరమైనది జరిగింది. ఆమె ఉన్నచోటే గోడకు అతుక్కుని, విరిగి అతికిన మణికట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. కాలు జారిన మనిషి చెయ్యి అలా పట్టుకోదు. రెండేళ్లుగా తన ఇంట్లో ఉన్న జబ్బు ఏమిటో, దాని మూలం ఎక్కడ అమ్ముడవుతోందో వీరభద్రప్పకు ఆ క్షణంలో అర్థమైంది. ఆయన తేరుకుని పరుగున పోయేసరికే ఈరప్ప ఆమెకు నీళ్లిచ్చి ఇంటి వైపు నడిపించుకుపోతున్నాడు.

మరునాడు ఆమె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. స్టూలు మీద కూర్చుంటే వీధంతా బోసిగా కనిపించింది. మూడో రోజు వీరభద్రప్ప గోడ మీది హారన్లన్నీ ఊడదీసి అటక మీదికి ఎక్కించాడు. సాయంత్రం నాలుగు కొట్టగానే అంగడి వదిలి, వీధి మొదట్లో ఆ కడ్డీ దగ్గర నిలబడ్డాడు.

“అన్నా, వద్దని సంతకాలు పెట్టిచ్చినోనివి నువ్వే. కాపలా కాసేదీ నువ్వేనా?” అని అవినాష్ నోరెళ్లబెట్టాడు.

“మండలం అయ్యేదాకా మాట మాటే. బండి దిగి తోసుకుంటా పోప్పా.”

“నేనా? నా అంగడి అదో, ఈడికి కనపడతాంది.”

“కనపడేదానికి నడిచేకి ఏం నొప్పి?”

ఇంట్లో ఆమెను ‘రా’ అని ఎలా పిలుస్తాడు? రావద్దని రెండేళ్ల పాటు ఆయన గోడ మీది హారన్లే చెప్పాయి. ఆయన కాపలా కాస్తున్న సంగతి మాత్రం జులేఖా బీ ఫోన్లో మహాదేవికి చేరవేస్తూనే ఉంది. ముప్పై ఆరో రోజు, ముప్పై ఏడో రోజూ గడిచాయి. సొరుగులో కాగితం అలాగే ఉంది.

ముప్పై ఎనిమిదో రోజు సాయంత్రం ఆయన ఈరప్పను కడ్డీ దగ్గర ఉంచి వచ్చి, అంగడిలో వంగి ఏదో తీస్తుండగా గుమ్మం ముందు గాజుల చప్పుడైంది. తల ఎత్తితే మహాదేవి. చేతిలో మూత పెట్టిన చెంబు. నుదుటి మీద చెమట. ముఖంలో మాత్రం పెళ్లిచూపుల నాటి గుంభనం.

ఆయన చేతులు తుడుచుకుని లేచి, “ఏం కావాల తల్లీ? సీటు కవరా, అద్దమా?” అన్నాడు.

“మజ్జిగ తాగే మనిషి కావాల. ఈడ దొరుకుతాడా?”

“దొరుకుతాడు. నిలబడి తాగుతాడు. పర్వాల్యా?”

“కూసోబెట్టి తాపిచ్చి పోదామనే వచ్చినా.”

అంగడి ముందు బండ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆయన మజ్జిగ తాగాడు. అల్లం, కరివేపాకు దంచి వేసింది. ఆమె అంగడిలోకి తొంగిచూసింది. గోడ మీద వరసగా ఖాళీ మేకులు.

“హారన్లు యాడ?”

“అటక మీదేసినా.” మేకుల వైపే చూస్తూ అడిగాడు. “ఆ పొద్దు కాలు జారలేదు గదా?”

ఆమె చెంబు మూతను తిప్పుతూ కూర్చుంది. “కుక్క మీద పడిందనుకున్నా. పక్కకు దూకితే కాలవ. తిరిగి చూస్తే బండి మీద పిల్లోడు నవ్వుతాండె. ఆ మొరుగు నేను ఇంతకుముందు ఈడనే విన్నా, నీ అంగట్లో.”

“నాకేమిటికి చెప్పల్యా?”

“నువ్వు కూసునింది ఎప్పుడప్పా, చెప్పేకి?”

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆయనకు అది మరింత లోతుగా తగిలింది.

వీధిలో పులిజూదం కేకలు వినపడుతున్నాయి. పత్తి మిల్లు వైపు నుంచి చల్లగాలి మొదలైంది. మహాదేవి కాళ్లు చాపుకుని ఊపిరి వదిలింది. “ఇప్పుడు ఈ వీధిలో నెమ్మది ఉండాది.”

“ఉండదా మరి? బోర్డే ఏసినారు. అంతా స్లో.”

“స్లో ఏమిటికయితాది?” ఆమె వింతగా చూసింది. “మా సిరిగుప్ప పక్క కన్నడంలో నెమ్మది అంటే మనసు కుదురుగా ఉండేది. భయం లేకుండా, గాబరా లేకుండా. మా అవ్వ దీవిస్తే ‘నెమ్మదిగా ఉండు’ అనే దీవించేది. దుడ్లుండాల, బంగారుండాల అనేది గాదు.”

వీరభద్రప్ప చేతిలో చెంబు ఆగిపోయింది. “మరి దినాము పొద్దున నాకు చెప్పేది?”

“అదే. మనసు కుదురుగా పెట్టుకుని పోయిరా అని. బండి మెల్లగా తోలమంటాండా అనుకుంటివా?”

“ఇరవై తొమ్మిదేళ్లుగా అట్లే అనుకున్నా మే.”

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం నవ్వలేకపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు ప్రతి పొద్దునా ఒక మనిషి గుమ్మంలో నిలబడి తనను దీవించింది. తాను దాన్ని ఎగతాళి చేసి బండెక్కాడు.

పక్కనే బోర్డుకు మెరుగులు దిద్దడానికి రంగు డబ్బాతో పోతున్న బుడేన్ సాహెబ్ ఆ మాటలు విని ఆగాడు. “కన్నడం దాకా ఏమిటికప్పా? మన తెలుగులో లేదా? జ్వరం నెమ్మదించిందా అని అడుగుతాం. జ్వరం స్లో అయిందా అని గాదు గదా అర్థం. ఈ వీధికి శానా ఏండ్లుగా జ్వరం. ఇప్పుడు నెమ్మదించింది.”

నలభై ఒకటో రోజున మునిసిపల్ ఆఫీసు హాలు నిండిపోయింది. వీరభద్రప్ప సొరుగులోని కాగితం తీసుకుని వచ్చాడు. నలభై సంతకాలు, అడుగున ఒక ఖాళీ. శివలీల అడిగింది. “చెప్పండన్నా. సంఘం మాట ఏంది?”

ఆయన లేచాడు. ఉపన్యాసాలు అలవాటు లేని మనిషి. కాగితం వైపు చూసి, జనం వైపు చూసి, మెల్లగా మొదలుపెట్టాడు.

“ఈ కాయితం రాయిచ్చింది నేనే. అప్పుడు నాకు గిరాకీ ఒకటే కనపడింది. మా ఇంటామె రెండేండ్లు గడప దాటలేదు. కాళ్ల నొప్పి అనుకుంటి. అన్నీ ఇంటికే తెప్పిచ్చి, గొప్పగా చూసుకుంటాండా అనుకుంటి. ఆమెకు జబ్బేం లేదు. ఈ వీధంటే భయం. ఆ భయాన్ని గోడకు తగిలిచ్చి అమ్మినోన్ని నేనే. మొన్న ఆమె అయిదు నిమిషాల దావ ముప్పై దినాలకు నడిచి నా అంగడికొచ్చింది. మీ ఇండ్లల్లో గూడా చూసుకోండప్పా. కాళ్లు లాగుతాండాయనే అమ్మలు, ఎండ అనే అవ్వలు, సైకిలు నేర్చుకుంటానంటే వద్దని మనం ఆపిన ఆడబిడ్డలు ఎంతమంది ఉండారో.”

అవినాష్ లేచాడు. “అన్నా, నువ్వు చెప్పేది బాగుండాది. పల్లెల నుంచి వచ్చేటోళ్లు బండి దూరంగా పెట్టాలంటే విసుక్కుంటాండారు. నాకు గిరాకీ తగ్గింది నిజమే.”

“నిజమే. అబద్ధమని నేననను. వీధి చివర బండ్లు పెట్టుకునేకి నీడ, నీళ్లు అడుగుదాం. కాపలా మనమే వంతులేసుకుందాం. నీ గిరాకీ మళ్లొస్తాది అవినాషూ. ఇంట్లో నిలిచిపోయిన మనిషికి పోయిన ఏండ్లు మళ్లీ రావు.”

అని, కాగితాన్ని తిరగేసి, వెనక వైపు పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం రాశాడు: ‘మా వీధికి నెమ్మది కావాలి.’ కింద సంతకం చేశాడు. కాగితం చేతులు మారింది. నలభై మందిలో ముప్పై ఒక్కరు ఆ రోజే సంతకం చేశారు. అవినాష్ చేయలేదు. వీధి చివర బండ్లకు రేకుల పందిరి పడ్డాక, వారం తర్వాత తనంతట తానే వచ్చి చేశాడు. కౌన్సిలు ఆ ఏర్పాటును శాశ్వతం చేసింది. బోర్డు మీది నత్త మాత్రం ఇప్పటికీ జిలేబీలాగే ఉంది. మార్చొద్దని ఊరే పట్టుబట్టింది.

ఆ సంతకం పెట్టిన మరునాటి పొద్దున వీరభద్రప్ప చాప మీద కూర్చుని ఉగ్గాని తిన్నాడు. బజ్జీ కొరికి, “ఉప్పు సరిగ్గా పడింది” అన్నాడు. రోజూ సరిగ్గానే పడేదని మహాదేవి అనలేదు. చెయ్యి కడుక్కుని, మేకుకు వేలాడే బండి తాళం వైపు చూసి, దాన్ని అక్కడే వదిలేసి వాకిలి దాటాడు. ఈసారి ఆమె గడప లోపల ఆగలేదు. వీధిలోకి దిగి నిలబడింది.

“నెమ్మదిగా పోయిరా.”

ఆయన ఒక్క క్షణం ఆగి, తల వంచి ఆ మాట అందుకున్నాడు. “అట్లే పోయొస్తా మే. మాపటికి మజ్జిగ తెస్తావు గదా?”

ఆ రోజు ఆయనకు అంగడి చేరడానికి అయిదు నిమిషాలు చాలలేదు. దారిలో పలకరించినవాళ్లు అంతమంది. ఊరు ఎంత ముందుకు పోయిందో దాని బండ్ల వేగం చెప్పదు. అక్కడ అందరికన్నా మెల్లగా నడిచే మనిషి, భయం లేకుండా, వీధి చివరి దాకా పోయి ఇంటికి తిరిగి రాగలిగినప్పుడే ఆ ఊరు నిజంగా ముందుకు నడిచినట్టు.